కాఫీ పిప్పి వేసి పెంచిన గోంగూర

ఇప్పుడు నాకు అన్నం సహిస్తోంది. మూడు నెలలుగా వాంతి లేదు. చిక్కిపోయి బెల్టుకు కొత్తగా పొడిచిన రెండు బెజ్జాలతో ఇక పనిలేదు. "ఏం జబ్బు వచ్చింది నీకు?" అని ఎవరడిగినా ఇన్నాళ్ళూ "గ్యాస్ట్రిక్" అని చెప్పి తప్పించుకున్నాను. గ్యాస్ట్రిక్ అంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు. తమకున్న గ్యాస్ట్రిక్ గురించి చెప్పుకుంటారు.

నాది గ్యాస్ట్రిక్ కాదు. డాక్టర్ చెప్పిన పేరు నాకు నోరు తిరగదు. తెలుగులో చెప్పాలంటే, గంజాయి తాగీ తాగీ కడుపు తిరగబడింది. అంతే సంగతి.

జాలి కోసం రాయడం లేదు. ఏ ఆసుపత్రి కుర్చీలోనో కూర్చుని, డాక్టర్ అడిగినదానికి నాలాగే అడ్డంగా తల ఊపుతున్నవాడు ఒకడుంటే వాడి కోసం రాస్తున్నాను. జబ్బు నాది, అనుభవించాను. కానీ నా అబద్ధం వల్ల ఏ పాపం ఎరగని మనిషి ఒకాయన జైలు గుమ్మం దాకా వెళ్ళి వచ్చాడు. వెళ్ళినట్టు అప్పుడు ఆయనకు తెలియదు కూడా. ఆ సిగ్గు మందులతో తగ్గేది కాదు.

*పోయిన చలికాలం*

మాది జగిత్యాల దగ్గర పల్లె. ఊళ్ళో వాళ్ళకు నేను దుబాయి పోయినవాణ్ణి. ఉన్నది మాత్రం బహ్రెయిన్‌లో, ఉమ్మ్ అల్ హస్సామ్‌లో, ఒక చిన్న కాఫీ షాపులో. కప్పులు కడగడంతో మొదలుపెట్టి మెషీన్ దగ్గరికి వచ్చాను. పొద్దున కొన్ని గంటలు, మధ్యలో విరామం, సాయంత్రం మళ్ళీ డ్యూటీ. దాంతో నా నిద్ర రెండు ముక్కలైంది. తర్వాత ఆ ముక్కలూ పోయాయి. కాఫీ షాపులో పనిచేసేవాడికి నిద్ర పట్టడం లేదంటే ఎవరైనా నవ్వుతారు. నేను మాత్రం కాఫీ చుక్క ముట్టను.

షాపుకు సామాన్ తెచ్చే డ్రైవర్ భాయ్ ఒకడు నా కళ్ళు చూసి జాలిపడి, చుట్టిన సిగరెట్ ఒకటి ఇచ్చాడు. ఆ రోజు మొద్దులా నిద్రపోయాను. అలా కొన్ని వారాలు గడిచాయి. అతను వీసా అయిపోయి వెళ్ళిపోతూ కాగితం పొట్లంలో కొన్ని గింజలు చేతిలో పెట్టాడు. ఈ దేశంలో ఒక్క మొక్క దొరికినా జైలేనని నాకు తెలుసు. తెలిసే పొట్లం జేబులో వేసుకున్నాను.

మా బిల్డింగ్ మిద్దె మీద మల్లయ్య కాక పుంటికూర పెంచేవాడు. కాక అంటే రక్తసంబంధం ఏమీ లేదు, మా పక్క ఊరి మనిషి. ఇరవై ఏళ్ళకు పైగా ఇక్కడే ఉన్నాడు. మీనా సల్మాన్‌లో ఒక గోదాములో మూటలు మోసే పని. నేను కొత్తగా వచ్చినప్పుడు కింది మంచం నాకిచ్చి, ఆ వయసులో తాను పై మంచం ఎక్కినవాడు. నీళ్ళ ట్యాంకుల నీడలో ఖాళీ పెయింటు బకెట్లు పెట్టి, ఏసీల నుంచి కారే నీళ్ళు పట్టి పోసి కూర పెంచేవాడు. ఆ బకెట్ల మధ్యనే నా నాలుగు మొక్కలూ లేచాయి. పుంటికూర ఆకుకూ దానికీ దూరం నుంచి పెద్ద తేడా తెలియదు. అందుకే అక్కడ పెట్టాను. ఇందులో అమాయకత్వం ఏమీ లేదు.

కాక దూరం నుంచి చూసే రకం కాదు. ఒకరోజు ఆకు పట్టుకుని వేళ్ళు లెక్కపెట్టాడు.

"అరేయ్ గంగాధరూ, గిదేం కూరరా? మన పుంటికూర తీరుగ లేదు. ఏడేసి వేళ్లున్నయ్ గదా దీనికి!"

"ఇది ఆంధ్రోళ్ల గోంగూర కాకా. కొండ గోంగూరంటరు. షాపుకచ్చే ఆంధ్రాయన గింజలిచ్చిండు" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం.

పుంటికూరా గోంగూరా ఒకటేనని కాకకు తెలుసు. అయినా నమ్మాడు. ఆంధ్రా వాళ్ళ పచ్చడి వేరు, పప్పు వేరు, మాట వేరు, గోంగూర వేరే ఎందుకు కాకూడదు? "గట్లనా! మరి ముదిరినంక చెప్పు, రుచి చూద్దాం" అన్నాడు. ముదిరేదాకా చేదుగా ఉంటుందనీ, నేను చెప్పేదాకా తుంచవద్దనీ అన్నాను.

కాఫీ పిప్పి సంగతి కూడా చెప్పాలి. మెషీన్‌లోంచి తీసిన పిప్పి బిళ్ళలు బిళ్ళలుగా డబ్బాలో పడుతుంది. రోజూ పారేసేదే. మొక్కలకు మంచిదని ఎవరో అంటే ఒక సంచిలో తెచ్చాను. మొదట్లో పచ్చిదే దట్టంగా వేస్తే పైన తెల్లగా బూజు పట్టింది, ఆకులు పసుపెక్కాయి. తర్వాత న్యూస్ పేపర్ మీద ఎండబెట్టి, గుప్పెడు గుప్పెడుగా మట్టిలో కలపడం కాకే కనిపెట్టాడు. ఆయన పుంటికూరతో పాటు నా మొక్కలూ ఏపుగా లేచాయి. వాసన వచ్చినప్పుడు ఆయన ముక్కు ఎగబీల్చి, "జర వేరే వాసనొస్తున్నదిరా" అనేవాడు. "కాఫీ పిప్పి కాకా" అనేవాణ్ణి. దానికీ సరేననేవాడు.

*ఏప్రిల్*

మొదటి వాంతి షాపులోనే అయింది. పాలు కాస్తున్నాను, కడుపులోంచి ఏదో పట్టి పిండినట్టయింది. తిన్నది పడలేదని అనుకున్నాను. వారం తర్వాత మళ్ళీ. తర్వాత వరసగా మూడు రోజులు. పడిందంతా బయటికి వచ్చాక కూడా ఆగేది కాదు, పసరు వచ్చేది.

వాంతి తగ్గడానికి నేను చేసిన వైద్యం వింటే నవ్వొస్తుంది. ఇంకో సిగరెట్ చుట్టేవాణ్ణి. అది తాగితే కడుపు కుదుటపడుతుందని ఆ డ్రైవర్ ఎప్పుడో అన్న మాట పట్టుకున్నాను. ఒక గంట బాగుండేది. తర్వాత మొదటికంటే ఘోరం.

ఇంకో వింత ఉంది. వేడినీళ్ళు ఒంటిమీద పడుతున్నంతసేపూ కడుపు నెమ్మదించేది. ఇక్కడ ఎండాకాలం మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్ళు సలసలా కాగుతాయి. అందరూ తెల్లవారకముందే స్నానాలు కానిచ్చేస్తారు. నేను మిట్టమధ్యాహ్నం కుళాయి కింద గంటన్నర కూర్చునేవాణ్ణి. వీపు ఎర్రగా కమిలిపోయింది. గదిలో ఏడుగురికి ఒకటే బాత్రూం. తలుపు కొట్టీ కొట్టీ విసిగిపోయి, "లోపల ఉడుకుతున్నవా బై?" అని ఎగతాళి చేసేవాళ్ళు. మల్లయ్య కాక మాత్రం వాళ్ళను తిట్టి, తన డ్యూటీ బట్టలతోనే తలుపు బయట కూర్చుని నేను పడిపోకుండా మధ్యమధ్య పేరు పెట్టి పిలిచేవాడు.

*జూన్, జూలై*

ఈ రెండు నెలలూ నాకు కుర్చీలే గుర్తున్నాయి. వరసగా బిగించిన ఇనుప కుర్చీలు, చేతిలో టోకెన్ చీటీ, గోడమీద మారే ఎర్ర అంకెలు. ఒకసారి నా అంకె వచ్చేలోపే ఆపుకోలేక చొక్కా మీద కక్కుకున్నాను. అందరూ లేచి దూరం జరిగారు. తెల్లటి పొడుగు అంగీ వేసుకున్న స్థానిక పెద్దాయన ఒకడు మాత్రం జరగలేదు. తన మందుల కవరు ఖాళీ చేసి నాకు పట్టాడు. వీపు నిమిరాడు. అరబీలో ఏదో అన్నాడు, దువా అయి ఉంటుంది. ఆయనకు నిజం తెలిస్తే ఏమనేవాడా అని ఆ స్థితిలో కూడా అనిపించింది.

రక్తం చూశారు, స్కాన్ తీశారు, గొంతులోంచి గొట్టం దించి చూశారు. ఏమీ దొరకలేదు. దొరకనప్పుడల్లా ఇంటి దగ్గర నా భార్య లతకు భయం పెరిగేది. దొరకని జబ్బంటే పెద్ద జబ్బేనని ఆమె లెక్క.

"నిజం చెప్పు, క్యాన్సరా? నాకు చెప్పకుండ దాస్తున్నవా?" అని ఫోన్‌లో ఏడ్చేది.

"కాదు లతా, ఏం లేదంటున్నరు."

"ఏం లేకుంటే మనిషి గట్లెందుకైతడు?"

దాస్తున్నానన్న మాట నిజమే. దాస్తున్నది ఆమె అనుకున్నది కాదు. జూలైలో ఒక రోజు వీడియో కాల్‌లో తలకు గట్టిగా చున్నీ చుట్టుకుని కనిపించింది. మా పాప వెనక నుంచి లాగేసింది. గుండు. నాకు నయం కావాలని మొక్కుకుని తలనీలాలు ఇచ్చిందట. నడుము దాకా ఉండేది ఆమె జుట్టు. "నీకంటే ఎక్కువనా?" అని నవ్వింది. ఫోన్ పెట్టేసి మిద్దె ఎక్కాను. ఆ మొక్కలన్నీ పీకిపారేద్దామనే ఎక్కాను. పీకలేదు. నా గురించి నాకు పూర్తిగా తెలిసింది ఆ రోజే.

*ఆగస్టు*

షాపులో పడిపోతే ఆసుపత్రిలో చేర్చారు. ఒంట్లో నీళ్ళు లేక నాలుక పిడచకట్టింది. సెలైన్ ఎక్కించారు. మల్లయ్య కాక డ్యూటీ దిగగానే రెండు బస్సులు మారి, ఫ్లాస్కులో గంజి పట్టుకుని వచ్చేవాడు. ఉప్పు వేసి, చల్లార్చి, చెంచాతో పట్టేవాడు.

డాక్టర్ మన ఉత్తరాది మనిషి. ఒక సాయంత్రం హిందీలో, "ఏం తింటున్నాడు?" అని కాకను అడిగాడు.

కాక చేతులు కట్టుకుని నిలబడి, "గంజి సాబ్. సుబే గంజి, షామ్ గంజి. మై దేతా సాబ్" అన్నాడు.

డాక్టర్ రాయడం ఆపాడు. "గాంజా?"

"హా సాబ్, గంజి! గరం గరం."

పక్కనున్న మలయాళీ నర్సు పకపకా నవ్వి, కంజి అంటే అన్నం ఉడికించిన నీళ్ళని విడమరిచింది. డాక్టరూ నవ్వాడు. ఎందుకో తెలియకపోయినా అందరితో పాటు కాక కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. దుప్పటి కింద చెమటలు పట్టాయి. డాక్టర్ నా మొహం చూశాడు. కాకను బయట కూర్చోమని చెప్పి నా మంచం మీదికి వంగాడు.

"వాంతులప్పుడు వేడినీళ్ళ స్నానం చేస్తే హాయిగా ఉంటుందా?"

ఏ డాక్టర్‌కూ చెప్పని సంగతి ఈయనకెలా తెలిసింది? ఆలోచించే లోపే అవునన్నాను.

"నషా ఏమైనా చేస్తావా?"

"కసమ్ సే నహీ, సాబ్." పాప మీద ఒట్టు కూడా వేశాను. అడగకుండానే వేశాను.

ఆయన కోప్పడలేదు. మళ్ళీ అడుగుతానని, అడిగేది మందు రాయడానికేనని చెప్పి వెళ్ళిపోయాడు. నాకు కళ్ళముందు పోలీసులు, వీసా ఇచ్చిన కఫీల్, పాస్‌పోర్టు తిరిగాయి. చెప్పకూడదనే తీర్మానించుకున్నాను.

మర్నాడు కాక గంజితో పాటు సంతోషంగా ఒక కబురు తెచ్చాడు.

"నీ ఆంధ్రా గోంగూర మస్తు పెరిగిందిరా. నువ్వు లేవని పిప్పి రెండింతలు ఏస్తున్న. నిన్న ఒక కట్ట తెంపి ఆదిలక్ష్మమ్మకిచ్చిన. మా దిక్కు కూర దొరకక నోరు సచ్చిపోయిందని పాపం మొన్ననే అన్నది. మీ గోంగూరేనమ్మా, తీస్కపో అన్న."

ఆదిలక్ష్మిది అమలాపురం వైపు. ఈసా టౌన్‌లో ఒక ఇంట్లో వంటా పనీ చేస్తుంది. సెలవు రోజున మా బిల్డింగ్‌లోనే కింద ఉండే తన ఊరివాళ్ళ దగ్గరికి వచ్చి పోతుంటుంది. ఆ కట్ట ఇప్పుడు ఆమె సంచిలో, ఆ ఇంటి వంటగదిలో ఉంది. ఎవరిచ్చారంటే ఆమె చెప్పేది మల్లయ్య పేరు. మిద్దె మీద రోజూ నీళ్ళు పోసేది మల్లయ్య. పిప్పి కలిపేది మల్లయ్య. బకెట్లు మల్లయ్యవి. నా పేరు ఎక్కడా లేదు.

ఆ క్షణం మొదట నాకు కలిగింది ఏమిటో కూడా రాస్తాను. బతికిపోయాననిపించింది. ఒక్క క్షణమే, కానీ అనిపించింది. తర్వాత గంజి అంతా బయటికి వచ్చింది. ఆయన తన తువ్వాలుతో నా మూతి తుడిచాడు. ఆయన చేతులు పట్టుకుని చెప్పేయాల్సింది. "ఇంకెవరికీ ఇయ్యకు కాకా" అని మాత్రం అన్నాను. "అబ్బో, పీనాసోడు" అని నవ్వుతూ వెళ్ళాడు.

ఆ మర్నాడు, చూడటానికి వచ్చేవాళ్ళ వేళకు ఆదిలక్ష్మి వచ్చింది. చేతిలో రెండు యాపిల్స్. నల్ల అబాయా మీద చెమట. పక్క మంచం మలబారీ ముసలాయన నిద్రపోతున్నాడని చూసుకుని, స్టూలు దగ్గరికి లాక్కుంది.

"గోంగూర తుంపితే చేతికి పులుపంటుకోవాలి తమ్ముడూ. ఇదేమో జిగట, పసరు కంపు. నలభయ్యేళ్ళు గోంగూర వండినదాన్ని, నాకు తెలీదేంటి?"

నేను సెలైన్ గొట్టం వైపు తిరిగాను.

"మా వైపు ఏజెన్సీ కొండల నుంచి వచ్చే మూటలు పట్టుకున్నప్పుడల్లా టీవీలో చూపిత్తారు ఆ ఆకుని. సింకులో పోసుకుని కడుగుతా ఉన్నాను. ఎనకాల మేడమ్ నిలబడి ఇదేంటంది. మందాకు, జుట్టుకి రాసుకుంటామని చెప్పాను. ఆ ఇంట్లో చేరి ఆరేళ్ళయ్యింది, ఆవిడకి ఒక్క అబద్ధం చెప్పలేదు నేను. తర్వాత తుంపి తుంపి లెట్రిన్లో పోసి నీళ్ళు కొట్టాను."

"అక్కా..."

"ఇత్తనాలెవరియ్యని ఫోన్ చేసి అడిగితే నీ పేరు చెప్పారు మల్లయ్య గారు. ఆయనకి తెలీదు కదా?"

తల అడ్డంగా ఊపాను.

"నాకు తెల్సు. తెల్సుంటే ఆయన అంత మురిసిపోతా ఇచ్చేవాడు కాదు. నేను చెప్పను. నువ్వే చెప్పాల. రేపటికల్లా చెప్పాల. ఆయన లోపలికెళ్తే నువ్వు మంచం మీద పడుకుని గంజి తాగుతావా?"

అరిచి ఉంటే బాగుండేది. ఆమె నా దుప్పటి సరిచేసి, యాపిల్స్ తలగడ పక్కన పెట్టి వెళ్ళింది. ఆ సాయంత్రం డాక్టర్ వచ్చినప్పుడు, ఆయన అడగకముందే చెప్పాను. ఎప్పటి నుంచో, ఎంతో, అన్నీ. ఆయన విని తల ఊపాడు. ఇది ఆ పొగ తెచ్చిన జబ్బేనని, పూర్తిగా మానేస్తే పోతుందని, ఒక్క దమ్ము తీసినా మళ్ళీ వస్తుందని చెప్పాడు. పోలీసుల మాట ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు. నాలుగు నెలలు నేను కాచి కాపాడుకున్న రహస్యానికి ఆయన దగ్గర పట్టింది అయిదు నిమిషాలు.

*ఇంటికి వచ్చిన రోజు*

మర్నాడు మధ్యాహ్నం డిశ్చార్జి చేశారు. గదిలో ఎవరూ లేరు. మిద్దె మీదికి వెళితే కాక ఉన్నాడు. ఎండాకాలం కాబట్టి గోదాములో మధ్యాహ్నం పని ఆపుతారు. ట్యాంకు నీడలో కూర్చుని ఆరిన పిప్పిని వేళ్ళతో చిదుపుతున్నాడు.

"అచ్చినవారా! చూడు, ఎట్ల పెంచిన్నో" అన్నాడు.

"కాకా, అది గోంగూర కాదు."

"మరేంది?"

చెప్పాను. మొదట నవ్వాడు, నేను వేళాకోళం ఆడుతున్నానని. నా మొహం చూసి ఆపాడు. చేతిలోని పిప్పి జారిపోయింది. ఆయన ఏమంటాడో అని ఎన్నో ఊహించుకున్నాను. తిడతాడని, చెంపదెబ్బ కొడతాడని. ఆయన అడిగింది ఒకటే.

"ఆమెకిచ్చిన గదరా. ఆమె తిన్నదా?"

తినలేదని, పారేసిందని చెప్పాను. కూర్చున్నచోటే కళ్ళు మూసుకుని, "బతికించినవ్ దేవుడా" అన్నాడు. తన సంగతి అప్పటికి ఆయనకు తట్టనే లేదు. తట్టాక లేచి కుళాయి దగ్గరికి వెళ్ళి, కాలే నీళ్ళలో చేతులు కడుక్కున్నాడు. సబ్బు పెట్టి మళ్ళీ కడుక్కున్నాడు.

నాలుగు మొక్కలూ నేనే పీకాను. ముక్కలు చేసి బాత్రూంలో పోసి, రెండు గంటల సేపు నీళ్ళు కొడుతూనే ఉన్నాను. ఆయన ఒక చేయి వేయలేదు. మళ్ళీ పైకి వెళ్ళేసరికి తన పుంటికూర కూడా వేళ్ళతో సహా పీకేసి సంచిలో కుక్కుతున్నాడు.

"అది పుంటికూరే గద కాకా, అదెందుకు?"

"ఇగ నా కండ్లకు అన్నీ ఒక్క తీరుగనే కనవడుతున్నయ్" అన్నాడు.

*సెప్టెంబర్ నుంచి*

మొదటి మూడు వారాలు నిద్ర లేదు, ఆకలి లేదు, చీటికీ మాటికీ చికాకు. తర్వాత ఒకరోజు పొద్దున ఇడ్లీ తిని, మధ్యాహ్నం దాకా దాని సంగతే మర్చిపోయాను. కడుపు ఉందని గుర్తు రాకపోవడమే ఆరోగ్యం అనుకుంటాను. వాంతులు పోయాయి. నిద్ర ఇంకా సరిగా రాదు, దానికి వేరే మందు వాడుతున్నాను, డాక్టర్‌కు చెప్పి వాడుతున్నాను.

లతకు ఫోన్‌లో చెప్పాను. తన జుట్టు గురించి అంటుందనుకున్నాను. "ఆ మల్లయ్య మామను లోపలేస్తే ఆయనింటోళ్లకు ఏం చెప్తుంటివి?" అంది. తర్వాత తొమ్మిది రోజులు ఫోన్ ఎత్తలేదు. పదో రోజు ఎత్తి, అన్నం తిన్నావా అని అడిగింది.

కాక ఆ నెలలోనే గది ఖాళీ చేశాడు. డ్యూటీకి దగ్గరవుతుందని గోదాము వాళ్ళ క్యాంపుకు మారుతున్నానని అందరికీ చెప్పాడు. అసలు సంగతి ఒక్కరితోనూ అనలేదు. మిగతావాళ్ళు నన్ను చూసి, "మీ కాక లేక నీకు కష్టమే" అని ఓదార్చారు. ఆ ఓదార్పు కూడా దొంగతనంగా తీసుకున్నట్టే ఉంది నాకు.

పోయిన శుక్రవారం ధైర్యం చేసి క్యాంపుకు వెళ్ళాను. పెద్ద హాలు, రెండు వరసల మంచాలు. కాక కింది మంచం మీద కూర్చుని బనియన్ కుట్టుకుంటున్నాడు. నన్ను చూసి సూది పక్కన పెట్టి లేచాడు.

"రండ్రి. కూసోండ్రి" అన్నాడు.

నా వెనక ఇంకెవరైనా వచ్చారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు.

"ఇప్పుడు పానం మంచిగున్నదా మీకు?"

"కాకా, నన్ను మీరంటవేంది? తిట్టు, కొట్టు, నీ ఇష్టం. ఎప్పటి లెక్క అరేయ్ అను" అన్నాను.

ఆయన మొహంలో కోపం లేదు. కొత్తగా వచ్చిన మనిషిని చూసినట్టు మర్యాదగా చూశాడు. కెటిల్ స్విచ్ వేసి, గ్లాసు కడిగి తుడిచాడు. చక్కెర డబ్బా మూత తీసి, చెంచా పట్టుకుని నా వైపు తిరిగాడు.

"ఛాయ్‌ల చక్కెర ఎంత ఏస్కుంటరు మీరు?"

మూడేళ్ళు రోజూ పొద్దున నా ఛాయ్ కలిపింది ఆయనే. ఒక చెంచా అని చెప్పాను.